తెర వెనక చెయ్యి

"కండ్లు తెరవని బొమ్మను గడప దాటిస్తివి గదరా. పోయింది యాడికి? ఢిల్లీకి. పోయి ఊరకుండిందా, దొరసాని మాదిరి గెల్చుకోని తిరిగొచ్చె. ఇప్పుడు సూడు, కండ్లు పెట్టండని నడింట్లో కూసోనుండాది."

మునెయ్య ఈ మాటలన్నీ కొడుకు మునిచంద్ర మొహం మీదే అన్నాననుకున్నాడు. నిజానికి ఆయన మొహం దూలం వైపు తిరిగి ఉంది. చూపు పోయి ఏళ్ళవుతున్నా ఎదుటివాడు ఎక్కడ నిలబడ్డాడో తనకు తెలుసునన్న ధీమా మాత్రం పోలేదు.

"నేను ఈడుండా నాయనా," అన్నాడు మునిచంద్ర కిటికీ దగ్గర్నుంచి.

"తెలుసులేరా. నీ మొగం సూసేదానికంటే దూలాన్ని సూసేది మేలని అటు తిరిగినా."

ఏర్పేడు పక్క కొయ్యబొమ్మల వీధిలో ఒక నమ్మకముంది. కళ్ళు తెరవని బొమ్మ గడప దాటితే ఆ ఇంట్లో ఎవరివో ఒకరి కళ్ళు పట్టుకుపోతుందట. మునెయ్య కళ్ళు ముందే పోయాయి గనక ఈ బొమ్మ ఎవరివి పట్టుకుపోవాలో తెలియక తిరిగొచ్చిందని ఇంట్లోవాళ్ళు గుట్టుగా చెప్పుకున్నారు.

బొమ్మ జానెడున్నర ఎత్తు. టేకులో చెక్కిన ఆడమనిషి. ఒక కాలు కింది మెట్టు మీద, ఇంకొకటి పై మెట్టు మీద. తల మీద చుట్టకుదురు ఉంది గాని దాని మీద ఉండాల్సిన మూట లేదు. తల పైకెత్తి చూస్తోంది. చూడ్డానికి కళ్ళు మాత్రం లేవు, రెప్పల చోట నున్నటి ఉబ్బులు రెండున్నాయి.

దేశానికి పేరు తెచ్చినవాళ్ళకు ఢిల్లీలో ఇవ్వబోయే కొత్త పురస్కారానికి నమూనా కావాలని పోటీ పెడితే ఇది నెగ్గింది. దీన్ని చూసి కంచులో పోత పోస్తారు. నెగ్గింది మునిచంద్ర పేరు మీద. ఆ మునిచంద్ర పుట్టి బుద్ధెరిగాక చెక్కింది బడి బల్ల మీద తన పేరొక్కటే. అందులోనూ సున్న పెట్టడం మరిచిపోయాడు. ఆయన పనల్లా అలిపిరి దగ్గర అంగట్లో కూర్చుని బొమ్మలమ్మడం. ఈ బొమ్మను గుడ్డలో చుట్టి పార్సిలు కట్టింది ఆయనే. దానికి కళ్ళు తెరిచారో లేదో చూసుకోలేదు. ఢిల్లీ నుంచి ఫోను చేసి "కళ్ళెందుకు మూసి ఉంచారు?" అని అడిగితే నాలుక కరుచుకుని, "మా ఇంట్లో కండ్లు తెరిచేది పెద్ద తంతు సార్. చేసినోడే తెరవాల. మీరొచ్చి సూడండి," అని గొప్పలు పోయాడు.

వాళ్ళు వస్తామన్నారు. వచ్చేది ఈ పొద్దే.

"ఫోన్లో నోరు మూసుకోనుంటే పోయుండునే," అంది మునెయ్య భార్య కుప్పమ్మ.

"నోరు మూసుకుంటే బొమ్మలమ్మేది ఎట్లమ్మా? అలవాటు."

"ఏం కాదులే," అన్నాడు మునెయ్య. "తెర కడతాం. ఎప్పుటి మాదిరే."

ఎప్పటి మాదిరి అంటే ఏమిటో ఆ ఇంట్లో నలుగురికే తెలుసు. విగ్రహానికి కళ్ళు తెరిచేటప్పుడు పసుపు ముంచిన తెర అడ్డం పెడతారు. బయటివాళ్ళు చూడకూడదు. తెర వెనక ఉలి పట్టుకునేది పెద్దాయన. తొలిచూపు మనిషి మీద పడకుండా విగ్రహం ముందు అద్దం పట్టుకునేది కోడలు లోకేశ్వరి. లోకం అనుకునేది ఇది. మునెయ్య చూపు మసకబారిన నాటి నుంచి అద్దం పట్టుకునేది మునెయ్య, ఉలి పట్టేది లోకేశ్వరి. కళ్ళే కాదు, ముక్కూ నోరూ గడ్డమూ ఆమె చేతివే. పాకాల వైపు గుడిలో అమ్మవారు, కొండకింద ఊళ్ళలో వినాయకులు, అందరూ మునెయ్య చేతి చలవేనని దండాలు పెట్టించుకుంటున్నారు.

ఈ బొమ్మ కూడా ఆమె చెక్కిందే. కళ్ళు తెరవడానికి మామ ముహూర్తం చెప్పలేదని ఆపింది. ఆపిన బొమ్మే ఢిల్లీకి పోయింది.

వంటింట్లోంచి లోకేశ్వరి వచ్చి గడప మీద నిలబడింది.

"మామా, ఒక మాట."

"చెప్పు కోడలా."

"ఢిల్లీ సారు వచ్చి పేరు రాసుకునేటప్పుడు నా పేరు గూడా చెప్పండి. కింద చిన్నగా ఉన్నా సరే. పక్కన ఉంటే సాలు."

లోపల పాలు పొంగి పొయ్యి మీద పడ్డ చప్పుడు వినపడింది. ఎవరూ కదల్లేదు.

"ఏమే," అంది కుప్పమ్మ చివరికి. ఈ ఇంట్లో కాలు పెట్టిన నాటి నుంచి లోకేశ్వరికి ఆ పిలుపే పేరు. "నీ పేరుతో ఎవురైనా పిలిచినారా నిన్ను ఇంతవరకూ? ఇంట్లో అక్కర్లేని పేరు ఢిల్లీలో ఎందుకే?"

"నీ పేరు చెప్తే ఏమవుతాదో తెలుసునా?" అన్నాడు మునిచంద్ర. "ఎన్నాళ్ళనుంచి చెక్కతా ఉండావమ్మా అంటాడు ఆయన. నువ్వు నిజం చెప్పేదానివి గదా, చెప్తావు. అది పేపర్లో పడతాది. గుడివాళ్ళు సూస్తారు. మా అమ్మవారి మొగం ఎవురు చెక్కినారప్పా, మునెయ్యా, ఆయన కోడలా అని బండేసుకోని వస్తారు. విగ్రహం తెచ్చి ఇంటిముందర దించి పోతారు."

"అమ్మవారి మొగం బాగలేదని అన్నారా వాళ్ళు?"

"బాగుండాదనే గదా కొంప మునిగేది," అన్నాడు మునెయ్య. "బాగలేకుంటే మునెయ్య ముసలోడైపాయెనని వదిలేస్తారు. బాగుంటే, ఎవురు చేసిరని అడగతారు."

లోకేశ్వరి గడప మీద నుంచి కదల్లేదు. "గుడుల మాట నేను ఎత్తను మామా. ఎవురడిగినా ఎత్తను. ఈ బొమ్మ ఒక్కటి నాదని చెప్పండి."

మునెయ్య మెత్తగా నవ్వాడు. ఆయన మెత్తగా నవ్వితే కుప్పమ్మ కూడా లేచి లోపలికి పోతుంది. ఈసారి మాత్రం పోలేదు, వినాలని కూర్చుంది.

"ఇట్రా కోడలా. ఈ కట్టె సూడు." చేతికర్ర పైకెత్తాడు. "దీన్ని పట్టుకోని నేను యాడికైనా పోతా. పోతే, మునెయ్య వచ్చినాడంటారు. కట్టె వచ్చిందంటారా? కట్టెకు యాడన్నా పేరు పెట్టినారా?"

"కట్టె చెక్కదు గదా మామా."

"చెక్కతాది. నేను పట్టుకుంటే." కర్ర దించాడు. "ఇంకోటి గూడా విను. మూటలు మోసిన మీయమ్మ మొగం తెచ్చి దేశం చేతిలో పెట్టినావు. నాకు తెలీదనుకున్నావా? ముక్కు తడిమినప్పుడే తెలిసిపాయె, వరదమ్మని. నేనేమన్నా అంటినా? ఎవురికన్నా చెప్తినా? అదే నీ కూలి అనుకో."

వరదమ్మ అలిపిరి మెట్ల దారిలో యాత్రికుల మూటలు మోసి కూతుర్ని పెంచిన మనిషి. పోయిన ఏడు కన్నుమూసింది. కొండ దిగి ఇంటికొచ్చాక కూడా చుట్టకుదురు తల మీద నుంచి తీసేది కాదు. మరిచిపోయి దాంతోనే అన్నం తినేది. ఎవరైనా నవ్వితే, "ఉండనీలే, మళ్ళా ఎత్తుకునేదే గదా," అనేది.

లోకేశ్వరి లోపలికి వెళ్ళి పొంగిన పాలు తుడిచింది.

*

వచ్చినాయన పేరు అమర్‌నాథ్. పుట్టింది చిత్తూరు, ఉద్యోగం ఢిల్లీ. కమిటీ తరఫున వచ్చాడు. బూట్లు విప్పుతూనే చుట్టూ చూసి, "ఎంత స్వచ్ఛంగా ఉందండీ వాతావరణం," అన్నాడు. అప్పుడే కుప్పమ్మ ఒక కోడిని కాలితో నెడుతూ ఉంది.

మునెయ్య నల్లద్దాలు పెట్టుకుని గోడకానుకుని కూర్చున్నాడు. కళ్ళకు ఆపరేషనయిందని చెప్పాలి. ఎప్పుడయిందో చెప్పకూడదు. ఇంట్లో అందరికీ కంఠతా వచ్చిన పాఠమది.

అమర్‌నాథ్ బొమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మీ బొమ్మ కళ్ళ గురించి కమిటీలో పెద్ద తగువే అయింది తెలుసా? ఒకాయన, మూసిన కళ్ళంటే లోచూపు, అలాగే ఉంచమన్నాడు. ఇంకొకావిడ, గొప్పవాళ్ళకు ఎదుటి మనిషి కనపడడు, శిల్పి అదే వెక్కిరించాడంది. మీరేమో ఫోన్లో, పని ఇంకా మిగిలుంది సార్ అన్నారు. అందరం నవ్వుకున్నాం."

మునిచంద్ర కూడా నవ్వాడు.

"సరే, ఈ తల మీద గుండ్రంగా ఉన్నదేమిటి?"

మునిచంద్ర నవ్వు ఆగిపోయింది. దాన్ని గురించి ఆయన ఎన్నడూ ఆలోచించలేదు. వంటింటి గడప వైపు చూశాడు. లోకేశ్వరి నోరు తెరిచింది. కుప్పమ్మ కాఫీ పళ్ళెం పట్టుకుని సరిగ్గా ఇద్దరి మధ్యా నిలబడింది.

"చక్రం సార్," అన్నాడు మునిచంద్ర. "దేశానికి గుర్తు."

"ధర్మచక్రం. అబ్బ, నేను కిరీటమేమో అనుకున్నాను. శ్రమజీవి తల మీద ధర్మచక్రం. ఇది చెప్పి తీరాలి." అమర్‌నాథ్ ఫోనులో రాసుకున్నాడు.

"మా వంశంలో ముందునుంచీ చక్రం పెట్టే అలవాటుండాది సార్," అన్నాడు మునెయ్య.

పాత చీర చింపి చుట్టిన గుడ్డ ఒక్క కాఫీ చల్లారేలోగా ధర్మచక్రమైపోయింది. చక్రానికి ఆకులేవీ అని అడగాలని ఆ చదువుకున్నాయనకు తోచలేదు, చెప్పినాయన ఎలాగూ చూడలేదు.

"మీరూ చెక్కుతారా అమ్మా?" అమర్‌నాథ్ తల తిప్పి లోకేశ్వరిని అడిగాడు.

"నేను..."

"గరుకు కాగితం రుద్దుతాది సార్," అంది కుప్పమ్మ. "రుద్ది రుద్ది ఆ చేతులు ఎట్లయినాయో సూడండి."

అమర్‌నాథ్ చూశాడు. ఎడమ బొటనవేలి మీద ఉలి జారిన గాట్లు, ఒకదాని మీద ఒకటి. గరుకు కాగితం అలాంటి గాట్లు పెట్టదని చెప్పడానికి ఢిల్లీ ఉద్యోగం అక్కర్లేదు. ఆయన ఇంకాస్తసేపు చూసి, కాఫీ బాగుందన్నాడు.

మునెయ్యకు ఆ కాఫీ మాట నచ్చలేదు. "సార్, మా తాత కథ చెప్పలేదు గదా మీకు," అని అందుకున్నాడు. "మా తాత గుడికి కొయ్యగుర్రం చెక్కినాడు. కండ్లు తెరవను కూసున్నాడు. కుడికన్ను అయింది. ఎడంది తెరిచేలోపల ఎవురో పిలిచినారని లేచిపాయె. వచ్చి సూస్తే గుర్రం లేదు. ఒంటికంటితో ఉడాయించినాది. అది సూపున్న తట్టుకే తిరగతాది గదా, సువర్ణముఖి ఇసకలో గుండ్రంగా తిరగతా తిరగతా దోవ పడిపాయె. ఇప్పుడు బస్సులు తిరిగొచ్చేది ఆ దోవలోనే."

అమర్‌నాథ్ పడీ పడీ నవ్వాడు. లోకేశ్వరి గాట్ల సంగతి ఆ ఇసకలో కలిసిపోయింది.

*

తెర కట్టారు. ఒక కొస కిటికీ ఊచకు, రెండో కొస కుప్పమ్మ చేతిలో. వెనక బొమ్మ, మునెయ్య, లోకేశ్వరి. మునిచంద్ర తెర బయట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఫోను పైకెత్తిన అమర్‌నాథ్ దాన్ని దించేశాడు.

"మీరు బయటున్నారేమిటండీ? చేసినవాడే కళ్ళు తెరవాలని మీరే కదా చెప్పారు?"

"నాయన పెద్దాయన గదా సార్. ఆయన చేత్తో అయితే..."

"ఆయనా ఉండనివ్వండి. చెయ్యి మాత్రం మీదే ఉండాలి. పురస్కారాలిచ్చే రోజు పెద్ద తెర మీద ఈ వీడియోనే వేస్తారు. లోపల ఏం జరుగుతోందో నేను చూడను, మీ ఆచారం మీది. ఆ కిటికీ వెలుగు వెనక నుంచి వస్తోంది చూశారా, మీ నీడ తెర మీద పడుతోంది. నాకు నీడ చాలు."

మునిచంద్ర తెర వైపు చూశాడు. పసుపు గుడ్డ మీద తండ్రి తలపాగా, భార్య ముడి, బొమ్మ మొహం, అన్నీ నల్లగా స్పష్టంగా పడ్డాయి. గాజుల చెయ్యి ఉలి పట్టుకుంటే గాజులు కూడా పడతాయి.

ఇన్నాళ్ళూ గుడివాళ్ళ ముందు ఈ తంతు లోపలి గదిలో, కిటికీ లేని చోట చేశారు. ఈసారి సారుకు గాలి రావాలని నడింట్లో పెట్టారు.

మునిచంద్ర తెర వెనక్కి వెళ్ళాడు. వెళ్ళగానే లోపల గుసగుసలు మొదలయ్యాయి.

"నువ్వు కిందికి కూసో. నీడ పడతాది," అన్నాడు భార్యతో.

"కూసుంటే ఎట్ల తెరిచేది?" అంది లోకేశ్వరి.

"నువ్వు తెరవబళ్ళేదు. ఉలి ఇట్లియ్యి."

"ఒరే," అన్నాడు మునెయ్య, ఊపిరంత సన్నంగా. "పట్టుకో ఊరికే. తాకనీయొద్దు. తాకించినట్టు నీడలో కనపడితే సాలు."

"సప్పుడు రావొద్దా నాయనా? వీడియో గదా."

లోకేశ్వరి మోకాళ్ళ మీద కూర్చుని అద్దం పైకెత్తి పట్టుకుంది. అద్దంలో అమ్మ మొహం కనిపించింది, మూసిన కళ్ళతో. కడసారి చూసినప్పుడూ అలాగే ఉంది. ఆ కళ్ళు తన చేత్తో తెరవాలన్న ఒక్క కోరికతో ఈ బొమ్మకు అన్ని నెలలు వంగింది.

"ఎడం కంటి మీద కొయ్య నార అడ్డం తిరిగుండాది," అంది. "ఆడ పెట్టొద్దు. అణువంత అదిమినా లేసిపోతాది. నీకు దండం పెడతా, పెట్టొద్దు."

మునిచంద్ర ఎడమ కంటి మీదే పెట్టాడు. పెట్టొద్దన్న చోటే చెయ్యి పెట్టడం ఆయనకు పుట్టుకతో వచ్చింది. సుత్తి ఒక్కటి వేశాడు.

టక్కుమనలేదు, చిట్లింది. పెచ్చు లేచి వచ్చి లోకేశ్వరి మణికట్టు మీద పడింది. వరదమ్మ ఎడమ రెప్ప అది, కనుబొమతో సహా.

"పాయె," అన్నాడు మునెయ్య. ఆయనకు కళ్ళు లేవుగాని కొయ్య చప్పుడు తెలుసు.

"అయిందా?" అన్నాడు బయట్నుంచి అమర్‌నాథ్. "ఏదో విరిగినట్టు వినపడింది?"

మునిచంద్ర తండ్రి వైపు చూశాడు, చిన్నప్పుడు గాలిపటం తెగినప్పుడు చూసినట్టు. మునెయ్య గొంతు సవరించుకుని బయటికి వినపడేలా పలికాడు:

"ఏం లేదు సార్. మా కోడలు అద్దం తగిలించేసినాది. ఏం చేస్తాం, గరుకు కాగితం రుద్దే చెయ్యి, నాజూకు యాడ్నించి వస్తాది. బొమ్మకు కొంచెం దెబ్బ తగిలినాది. మావోడు సరిచేస్తాడు."

"అయ్యో," అన్నాడు అమర్‌నాథ్. "ఇంత ముఖ్యమైన సమయంలో... జాగ్రత్తగా ఉండాలి కదమ్మా."

లోకేశ్వరి మణికట్టు మీది పెచ్చును తీసి కొంగున ముడేసుకుంది.

"కోడలా," మళ్ళీ గుసగుస. "కోపం తర్వాత పడుదువు గాని. సగం మూసిన కన్ను మాదిరి దాన్ని తిప్పేయగలవు నువ్వు. నాకు తెలుసు. కింద కూసోనే చెయ్యి. గాజులు తీసేయ్."

ఆమె గాజులు తీసింది. భర్త చేతిలోంచి ఉలి తీసుకుంది. సుత్తి తీసుకుంది. మునిచంద్ర పక్కకు జరిగి గోడకు అంటుకుపోయాడు, నీడైనా మిగలకుండా. మునెయ్య నెమ్మదించాడు.

లోకేశ్వరి మామ చేతికర్ర తీసి గోడ మూలకు ఆనించింది. ఖాళీ అయిన ఆ చేతిలో ఉలి పెట్టింది. రెండో చేతిలో సుత్తి పెట్టింది. ఆయన వేళ్ళను వాటి చుట్టూ ముడిచింది, చిన్నపిల్లవాడికి బలపం పట్టించినట్టు.

"కట్టె పోతా ఉండాది మామా," అంది. "దోవ నువ్వే సూసుకో."

తెర అంచు ఎత్తి బయటికొచ్చింది.

ఉత్త చేతులతో ఎదురుగా వచ్చి నిలబడ్డ ఆమెను చూసి కుప్పమ్మ చేతిలోంచి తెర కొస జారబోయింది. అమర్‌నాథ్ ఫోను మీద నుంచి కన్ను తీయకుండానే, "కొంచెం పక్కకు రండమ్మా, నీడకు అడ్డమొస్తున్నారు," అన్నాడు.

లోకేశ్వరి పక్కకు వచ్చింది. ఇప్పుడు ఆమెకూ తెర కనిపిస్తోంది.

తెర మీద తలపాగా నీడ కదిలింది. మునెయ్య ఉలిని బొమ్మ మీదికి చాచాడు. వెనక్కి తగ్గడం ఆ ముసలాయన ఎరగడు, పైగా బయట ఫోను వీడియో తీస్తోంది. ఉలి గాలిలో వెతుక్కుంది, చుట్టకుదురుకు తగిలింది, జారింది, మొహం మీదికి దిగింది. కంటి దగ్గర ఆగలేదు. ముక్కు కింద, పెదవి మీద ఆగింది. అదే కన్ననుకుని ఆయన దాన్ని నిలబెట్టాడు.

"అద్భుతం," అన్నాడు అమర్‌నాథ్ మెల్లగా, తలపాగా ఎవరిదో చూసుకోకుండా. "మునిచంద్ర గారి చెయ్యి ఎంత నిదానమో చూడండి."

లోకేశ్వరి కొంగు ముడిని గట్టిగా పట్టుకుంది. ఒక్క మాట చాలు ఆ ఉలి ఆగడానికి. ఆ మాట అంటే మళ్ళీ తెర వెనక్కే వెళ్ళాలి.

కుప్పమ్మ కూడా నీడను చూసింది. గుడులు, అమ్మవారు, వినాయకులు, ముంగిట్లో దించబోయే విగ్రహాలు, అన్నీ ఆమెకు ఒక్కసారే కనపడ్డాయి. కోడలి చెవి దగ్గరికి వంగింది.

"మే," అంది. "పోమే. లోపలికి పో. కొంప మునగతాది."

లోకేశ్వరి తెర మీద నుంచి చూపు తిప్పలేదు.

"ఎవురు పోవాల అత్తా?" అంది. "పేరు పెట్టి పిలువు. సారుకు వినపడేటట్టు పిలువు. పోతా."

పసుపు గుడ్డ మీద సుత్తి నీడ పైకి లేచింది. కుప్పమ్మ నోరు తెరిచింది.